నల్ల కారు మీద చెయ్యందినంత మేర

పోయిన వారం మిమ్మల్ని మా షెడ్డు గుమ్మంలో చేతికి టీ గ్లాసిచ్చి నిలబెట్టి వెళ్ళిపోయాను. ఆ టీ ఈపాటికి చల్లారి ఉంటుంది. పారబోసి లోపలికి రండి.

కొత్తగా వచ్చినవాళ్ళకి రెండు ముక్కల్లో చెబుతాను. మాది కార్లకి మెరుగు పెట్టే షెడ్డు. పెత్తనం మా ఆయనది, చేతిపని నా తమ్ముడిది, వాళ్ళిద్దరి మధ్యా నలిగే పని నాది. కంటి డాక్టరమ్మ తన నల్ల కారుకి సిరామిక్ కోటింగ్ వేయించుకుంది. మామూలు కారు కాదు, మనిషెత్తు బండి. కోటింగంటే రంగు మీద గాజులా గట్టిపడే పలచటి పొర. వేసిన కొత్తల్లో అది పూర్తిగా ఆరేదాకా దాని మీద నీటిచుక్క పడకూడదు. అందుకని బండిని వెనక భాగంలో పెట్టి, తెర దించి, దుమ్ము లేస్తుందని ఆ వైపు ఎవరం పోకుండా కాపాడుకున్నాం. డాక్టరమ్మ తీసుకెళ్దామని వచ్చిన పొద్దున తెర తీసి లైటేస్తే బండి మీద తెల్ల మచ్చలు. ఉప్పునీళ్ళు పడి ఎండిపోతే మిగిలే సున్నపు చుక్కలు.

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. "నా కళ్ళు బాగానే ఉన్నాయి, మీ పనే బాగా లేదు" అని, సాయంత్రం వస్తానని చెప్పి వెళ్ళిపోయింది.

మా ఆయన నా తమ్ముడి వైపు తిరిగాడు. "తొందరలో బోరునీళ్ళు కొట్టావు కదూ" అన్నాడు. వాడు అవుననలేదు, కాదనలేదు. "మచ్చలు పోయినా పోకపోయినా సరే, అవి ఎలా పడ్డాయో సాయంత్రానికి నువ్వు నాకు చెప్పాలి. చెప్పకపోతే షెడ్డు తాళం నా చేతిలో పెట్టి నీ దారి నువ్వు చూసుకో. తప్పు చేసినవాణ్ణి పనిలో ఉంచుకుంటాను కానీ దాచేవాణ్ణి ఉంచుకోను." అదీ మా ఆయన మాట. అక్కడే మనం విడిపోయాం.

నా తమ్ముడి సంగతి మీకు తెలుసు కదా. ఎక్కడ పనిలో పెట్టినా నెల తిరక్కుండా మూటాముల్లె సర్దుకుని వచ్చేవాడు. ఈ షెడ్డులోనే కుదురుకున్నాడు. మేడ మీద గదిలో ఉంటాడు, పొద్దున్నే కిందికి దిగి నా వంటింట్లో కాఫీ తాగుతాడు. వాణ్ణి నేను చంకనెత్తుకుని పెంచాను. ఇక్కణ్ణించి వెళ్ళగొడితే వాడు ఏ ఊరు పోతాడో, మళ్ళీ ఎప్పుడు కనబడతాడో చెప్పలేను. పుట్టింటి వైపు నాకింక మిగిలింది వాడొక్కడే. అందుకే ఆ పూట ఇంట్లో పనంతా ఎక్కడిదక్కడ వదిలేసి, కొంగు బిగించి షెడ్డులో దిగాను.

మా ఆయన విడిభాగాల కోసం బజారుకెళ్ళాడు. షెడ్డులో నేనూ, తమ్ముడూ, ఆ నల్ల బండీ మిగిలాం.

ముందు షాంపూతో బండంతా కడిగాం, బోరునీళ్ళలో సున్నం తీసేసే సాఫ్ట్‌నర్లోంచి వచ్చే మెత్తటి నీళ్ళతోనే. వాడు వెనిగరూ డిస్టిల్డ్ వాటరూ సగం సగం కలిపి సీసాలో పోశాడు. వెనక అంచున, ఎవరూ చూడని చోట, అరచేయంత మేర ముందు పరీక్ష చేశాడు. ఆ సీసాలోది గుడ్డ మీద చల్లి, తడిగుడ్డని మచ్చల మీద పరిచి, కాసేపుంచి తీశాడు. మచ్చలు పోయాయి, కోటింగు మెరుపు అలాగే ఉంది. నా గుండె కాస్త కుదుటపడింది.

"బానెట్ నువ్వు చూడు, కప్పు నేను చూస్తా" అని వాడు నిచ్చెన వేసుకున్నాడు. "రుద్దకక్కా. గుడ్డ పరిచి వదిలెయ్, అదే కరుగుతుంది. ఆరనివ్వకుండా నీళ్ళు పొయ్యి."

"నాకు చెబుతున్నావా? నీకంటే ముందు ఈ షెడ్డులో గుడ్డ పట్టింది నేను."

"పట్టావులే. ఆ ఎర్రకారాయన ఇప్పటికీ తలుపు మీద గీతలు చూపించి అడుగుతాడు, మీ అక్క బాగున్నారా అని."

వాడు జోకులేస్తున్నాడంటే లోపల ఏదో నలుగుతోందని అర్థం. చిన్నప్పుడు జ్వరమొచ్చినా ఇంతే.

"సరే, మీ బావ లేడు. ఇప్పుడు చెప్పు. బోరునీళ్ళతో కడిగావా?"

"కడిగాననుకో."

"అనుకోవడమేంట్రా? కడిగావా, కడగలేదా?"

"నువ్వెలా అంటే అలా."

నెత్తిన ఒక్కటి ఇద్దామని చెయ్యి లేచింది. వాడు నిచ్చెన మీదున్నాడు కాబట్టి నాకు అందలేదు. తప్పు చేసి ఉంటే చేశానని చెప్పి తిట్లు తినే రకమే వాడు, తిట్లంటే వాడికి లెక్కలేదు. చెయ్యకపోతే చెయ్యలేదని అరిచి గోల చేసే రకం. ఈ మధ్యస్థం మాట ఎక్కడ నేర్చుకున్నాడో నాకు అంతుపట్టలేదు.

బానెట్ మధ్యలో మచ్చలు కరిగించి ఎడమ పక్క తలుపుల దగ్గరికి వచ్చాను. గుడ్డ తడిపి ఎత్తాను. ఎత్తిన గుడ్డ అలాగే ఉండిపోయింది. తలుపు మీద ఒక్క మచ్చ లేదు.

వంగి చూశాను. పక్కకి జరిగి చూశాను. తమ్ముడి నడుముకున్న టార్చి లాక్కుని వేసి చూశాను. కింద నుంచి కిటికీ అద్దాల్లో సగం దాకా బండి అద్దంలా ఉంది. ఆ పైన మచ్చలే మచ్చలు, కప్పు మీద సగం దాకా. బానెట్ మీద కూడా ఈ పక్క అంచు నుంచి మూరెడు మేర ఏమీ లేదు, మధ్యలోనే ఉన్నాయి. పొద్దున కంగారులో అందరం తెల్ల చుక్కల్ని చూశాం కానీ అవి లేని చోటు ఎవరం చూడలేదు.

చుట్టూ తిరిగి కుడి పక్కకి వెళ్ళాను. అక్కడ పైనా లేవు, కిందా లేవు. ఆ పక్కన నీటిచుక్క పడ్డ జాడే లేదు.

నా బుర్ర గిర్రున తిరిగింది. వానయితే రెండు పక్కలా పడాలి. కప్పు కారితే నెత్తిన మాత్రమే పడాలి. పైపుతో కడిగితే బండంతా తడవాలి. ఎడమ పక్క మాత్రమే, అదీ పై సగం మాత్రమే తడిసే స్నానం ఏమిటో నాకు తోచలేదు.

"ఒరేయ్, దిగిరా. ఇది చూడు."

వాడు దిగలేదు. "నేను చూశాలే అక్కా."

"ఎప్పుడు చూశావు?"

"పొద్దున."

"చూసి మీ బావకి చెప్పలేదే? నువ్వు కడగలేదని ఈ తలుపే చెబుతోంది కదరా."

వాడు కప్పు మీద గుడ్డ సర్దుకుంటూ ఉండిపోయాడు. నేను చక్రాల దగ్గర కూలబడ్డాను. కోపమొచ్చినప్పుడు ఏదో ఒకటి తోమితే నాకు తగ్గుతుంది. చక్రం తోముతుంటే టైరు గాడిలో పచ్చగా ఏదో కనబడింది. గోటితో లాగాను. గడ్డి పరక. మిషనుతో కోసిన గడ్డి, కొస సమంగా తెగి ఉంది. ఇంకో చోట ఇంకొన్ని.

మా వీధి మీరు చూసినదే. ఈ పక్క టైర్ల షాపు, ఆ పక్క రేకులు కత్తిరించే ఆయన, ఎదురుగా అచ్చాఫీసు. నేలంతా సిమెంటు, నూనె మరకలు. ఈ వీధిలో గడ్డి మొలవడం నేను ఎన్నడూ చూడలేదు.

"ఇదేంట్రా?"

"గడ్డి."

"గడ్డేనని నాకూ తెలుసు. ఇక్కడికెలా వచ్చింది?"

"గాలికి."

"గాలికొచ్చి టైరు గాడిలో దూరి అణిగి కూర్చుందా? ఈ బండి బయటికెళ్ళింది. గడ్డి ఉన్న చోట ఆగింది. అక్కడ గడ్డికి నీళ్ళు చిమ్మే గొట్టం తిరుగుతూ తిరుగుతూ ఈ పక్కంతా తడిపింది. అవునా?"

వాడు నిచ్చెన దిగి వచ్చాడు. మొహం చూస్తే పాపం అనిపించింది. "అక్కా, మచ్చలు పోతున్నాయి కదా. ఎలా పడితే నీకెందుకు?"

"మీ బావకి కావాలి. చెప్పకపోతే నిన్ను పొమ్మంటాడు. అందుకు."

"పొమ్మంటే పోతా."

అంత తేలిగ్గా అన్నాడా మాట. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే వాడు ఇంకా బిగుసుకుంటాడని ముక్కు చీదుకుని లేచి, మళ్ళీ ఆ ఎడమ పక్క అద్దాల ముందు నిలబడ్డాను.

మచ్చలు మొదలయ్యే చోట గీత తిన్నగా లేదు. వంపులు వంపులుగా, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంది. చెయ్యి అటూ ఇటూ ఊపి తుడిస్తే పడే వంపులు అవి. అప్పటికి నాకు ఒక్క ముక్క అర్థమైంది. బండి తడిగా ఉన్నప్పుడే ఎవరో తుడిచారు. తుడిచినంత మేరా మచ్చ పడలేదు. అందని చోట నీళ్ళు ఎండి మచ్చలయ్యాయి.

నేను చెయ్యెత్తాను. నా వేళ్ళు ఆ గీత దాటి జానెడు పైకి పోయాయి. తమ్ముడి చెయ్యి పట్టుకుని లాగి ఎత్తించాను. కప్పు అంచు దాకా పోయింది. మా ఆయనైతే కప్పు మీద సగం తుడవగలడు. అంటే మా ముగ్గురం కాదు. ఎవరో పొట్టి మనిషి.

డాక్టరమ్మ పొట్టిదే. ఎత్తు చెప్పులు వేసుకుంటుంది కానీ పొట్టిదే. ఆవిడ దగ్గర రెండో తాళం ఉంటుంది. తన కారు తనే దొంగిలించి, తడిపి, తుడిచి, తెచ్చి యథాస్థానంలో పెట్టి, మర్నాడొచ్చి మమ్మల్ని నిలదీసిందా? ఆ మాట పైకే అన్నాను. తమ్ముడు అంత బాధలోనూ నవ్వాడు.

"షట్టరు తాళం ఆవిడకెక్కడిదక్కా?"

అదీ నిజమే. షట్టరు తాళాలు రెండే. ఒకటి తమ్ముడి మొలలో ఉంటుంది, రెండోది మా ఇంట్లో వంటింటి గుమ్మం పక్కన మేకుకి వేలాడుతుంది. కారు తాళం ఇక్కడే బల్ల మీద ఉంటుంది. మేకు దగ్గరికి ఎవరొస్తారు? నేను, మా ఆయన, మా అత్తగారు. నేను కాదు. మా ఆయన కాదు. ఇంక మిగిలింది అత్తగారు. ఆవిడ పేరు నా మనసులోకి వచ్చినట్టే వచ్చి పక్కకి పోయింది. సైకిలు వెనక కూర్చోవడానికే దడుచుకునే మనిషి అని మా ఆయన ఎప్పుడూ చెబుతుంటాడు.

సరిగ్గా అప్పుడే ఫ్లాస్కు పట్టుకుని అత్తగారు లోపలికి వచ్చారు.

ఆవిడ షెడ్డుకి రారు. ఈ పాలిషు వాసనకి తలనొప్పి అంటారు. మా ఇల్లు వెనక వీధిలోనే అయినా, నేను కాపరానికొచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ ఇక్కడ అడుగు పెట్టడం నా కంట పడలేదు. హాల్లో మామగారి ఫోటో కింద కుర్చీ వేసుకుని కూర్చోవడం, సాయంత్రం కాసేపు నడిచి రావడం, అదే ఆవిడ లోకం. మామగారు మా పెళ్ళికి ముందే పొరుగూళ్ళో జ్వరంతో పోయారు. ఆ ఫోటోలో తప్ప ఆయన్ని నేను చూడలేదు.

"టీ తెచ్చాను. తాగండి" అన్నారు. "పోయాయా?"

"పోతున్నాయి అత్తయ్యా. కూర్చోండి, వాసన పడదు మీకు."

ఆవిడ కూర్చోలేదు. ఫ్లాస్కు బల్ల మీద పెట్టి, తిన్నగా బండికి ఎడమ పక్కకి నడిచారు. ఏ పక్కన మచ్చలున్నాయో ఆవిడకి ఎవరూ చెప్పలేదు. అంచు మీదున్న పొడిగుడ్డ తీసుకుని, తలుపు మీద జారిన నీళ్ళని అలవాటుగా తుడిచారు. కింద నుంచి పైకి, అటూ ఇటూ. మునివేళ్ళ మీద లేచారు. చెయ్యి చాచారు. వేళ్ళు అద్దం మీద సగానికి వచ్చి ఆగాయి.

సరిగ్గా ఆ గీత దగ్గర ఆగాయి.

"అత్తయ్యా" అన్నాను. "ఆ చెయ్యి అలాగే ఉంచండి."

"ఎందుకమ్మాయ్?"

వెనక నుంచి తమ్ముడు, "వద్దక్కా" అన్నాడు.

ఆవిడ నా మొహం చూశారు, వాడి మొహం చూశారు, తన వేళ్ళు చూసుకున్నారు. చెయ్యి మెల్లగా దించారు. నిలబెట్టిన చీపురుకట్ట కంటే కాస్త ఎత్తు మనిషి. పంచదార డబ్బా అందుకోవాలన్నా స్టూలు కావాలి.

"అందినంత మేర తుడిచాను" అన్నారు. "పైన అందలేదు. అక్కడ స్టూలెక్కడ దొరుకుతుంది? మంచినీళ్ళే కదా, ఆరిపోతాయిలే అనుకున్నాను. ఇంత పని చేస్తాయని నాకేం తెలుసు."

"అక్కడంటే ఎక్కడ?"

ఆవిడ చేతిలోని గుడ్డ మడతపెట్టడం మొదలెట్టారు.

"ఈ బండిని అక్కడికి ఎవరు తీసుకెళ్ళారు?"

"నేనే."

నాకు నవ్వాలో కూర్చోవాలో తెలియలేదు. నీళ్ళ బకెట్ బోర్లించి దాని మీద కూర్చున్నాను. "మీకు నడపడం వచ్చా?"

ఆవిడ నా తమ్ముడి వైపు చూశారు. వాడు నేల చూపులు చూస్తున్నాడు. "వెనక ఖాళీ స్థలంలో పాత వ్యాను మీద నేర్పాను" అన్నాడు. "ఆవిడ నడకకని బయల్దేరేది అక్కడికే. నాకంటే బాగా నడుపుతారు. ఆ చోటికి ఎప్పుడు వెళ్ళాలన్నా ఆ వ్యానులో నేను పక్కన కూర్చునేవాణ్ణి. ఆ రోజు బావ కూడా లేడు, షెడ్డు మూసేసి నేను కస్టమరు ఇంటికి వెళ్ళాను, వ్యాను నా దగ్గరుంది. ఆవిడకి ఉన్నపళంగా కబురొచ్చింది. పొద్దున బండిలో సీటు ముందుకి జరిగి ఉండటం చూసి నాకు అర్థమైంది, ఎవరూ చూడకుండా వెనక్కి జరిపేశాను."

"అర్థమై నోరు మూసుకుని కూర్చున్నావా?"

"ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. ఆవిడ చెబితే చెప్పాలి, నేను చెప్పకూడదు."

అత్తగారి మీద నాకు కోపం వచ్చింది. దాచుకోను, చాలా కోపం వచ్చింది. ఆవిడ నోరు విప్పితే వాడు బతుకుతాడు. పొద్దున్నుంచీ ఇంట్లో కూర్చుని, తన కొడుకు వాణ్ణి గెంటేస్తాడని తెలిసీ, టీ కాస్తూ ఉన్నారా అనిపించింది. ఆ మాట అనేసేదాన్నే. ఈలోగా గుమ్మంలో మా ఆయన స్కూటరు ఆగింది.

వచ్చీ రాగానే టార్చి తీసుకుని బండి చుట్టూ తిరిగాడు. వాళ్ళమ్మ అక్కడుండటం చూసి, "నువ్వెందుకొచ్చావమ్మా, వాసన" అని, జవాబు కోసం ఆగకుండా కప్పు చివర వంగాడు. వేలు పెట్టి తడిమాడు.

"ఈ ముక్కలో లోపలికి దిగాయి. వెనిగర్‌కి లొంగవు. ఇక్కడి వరకు మిషనుతో పాలిష్ పట్టి కోటింగు మళ్ళీ వెయ్యాలి. సరే, అది నేను డాక్టరమ్మకి చెప్పుకుంటాను." టార్చి ఆర్పాడు. మా ఆయన అరిస్తే నాకు భయం లేదు, గొంతు తగ్గిస్తేనే భయం. ఇప్పుడు తగ్గించాడు. "నాకు కావలసింది అది కాదు. ఎలా పడ్డాయి?"

తమ్ముడు మొలలోంచి తాళాల గుత్తి తీశాడు. షట్టరు తాళం గుత్తికి బిగుసుకుని ఉంది. గోటితో కాసేపు పెనుగులాడి ఊడదీసి మా ఆయన చేతిలో పెట్టాడు.

"అంతేనా? చెప్పవా?"

"చెప్పను బావా."

నేను లేచాను. ఎవరి మాట ఎవరికిచ్చినా నాకనవసరం, ఇప్పుడు చెప్పేస్తాను అనుకుని నోరు తెరిచాను. అత్తగారి చెయ్యి నా మణికట్టు మీద పడింది. చల్లగా, తడిగా ఉంది.

"ఆ తాళం వాడికిచ్చెయ్యరా" అన్నారావిడ.

"అమ్మా, నువ్వు మధ్యలో రాకు."

"మధ్యలో కాదు, మొదట్లోనే ఉన్నాను. కారు తీసుకెళ్ళింది నేను. తడిపింది నేను. వాడికేం సంబంధం లేదు."

మా ఆయన ముందు అర్థం కానట్టు చూశాడు. తర్వాత నవ్వాడు. "సరేలే. వాణ్ణి కాపాడాలంటే కొంచెం నమ్మేలా చెప్పు. నువ్వు కారేంటమ్మా?"

ఆవిడ వాదించలేదు. బల్ల మీదున్న కారు తాళం తీసుకున్నారు. మూలనున్న టవళ్ళ మడతల్లోంచి ఒక కట్ట లాగి, డ్రైవరు సీటు మీద వేసుకుని ఎక్కారు. సీటు ముందుకి లాక్కున్నారు. లోపలి అద్దం దించుకున్నారు. బెల్టు పెట్టుకున్నారు. బండి స్టార్టయింది.

మా షెడ్డు వెనక భాగం సంగతి చెప్పాలి మీకు. ఒక పక్క పాలిషు మిషను, ఇంకో పక్క నీళ్ళ డ్రమ్ము. నేను అక్కణ్ణించి బండి తియ్యాలంటే మా ఆయన ఎదురుగా నిలబడి, రా, రా, ఆగు అనాల్సిందే. అత్తగారు మెడ తిప్పి చూసుకుంటూ, ఒక్క ఊపులో వెనక్కి తీసి, గుమ్మం దాటించి వీధిలో నిలిపారు. టైర్ల షాపాయన పానా పట్టుకుని అలాగే ఉండిపోయాడు. మా ఆయన నవ్వు మొహం మీదే మిగిలిపోయింది, కళ్ళలో మాత్రం లేదు.

కిటికీ అద్దం దిగింది. "అమ్మాయ్, ఎక్కు. ఎక్కడికెళ్ళానో నీకు చూపిస్తాను."

మా ఆయన రెండడుగులు వేశాడు. "అమ్మా, అక్కడికా?" అన్నాడు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

"నువ్వు రాకు."

అక్కడంటే ఎక్కడో తమ్ముడికి తెలుసు, అత్తగారికి తెలుసు, ఇప్పుడు చూస్తే మా ఆయనకీ తెలుసు. తెలియనిది నాకొక్కదానికే. చేతిలో వెనిగర్ గుడ్డతోనే ఎక్కేశాను. బండి కదులుతుంటే వెనక్కి చూశాను. మా ఆయన షట్టరు తాళాన్ని తమ్ముడి వైపు చాపాడు, వాడి మొహం చూడకుండా. వాడు తీసుకున్నాడు. అంత వరకు నా ప్రాణం కుదుటపడింది.

మలుపు తిరిగాక గుర్తొచ్చింది. "అత్తయ్యా, ఇది డాక్టరమ్మ కారు. సాయంత్రం వచ్చేస్తుంది."

"వచ్చేలోగా వచ్చేద్దాం."

"మళ్ళీ ఆ నీళ్ళ పక్కన ఆపకండి. చచ్చీ చెడీ వదిలించాం."

"ఈసారి అవతలి వైపు ఆపుతాన్లే."

ఎదురుగా లారీ వస్తే దారిచ్చి, చెయ్యూపి ముందుకి పోనిచ్చారు. ఇంట్లో టీవీ రిమోటు నొక్కాలన్నా నన్ను పిలిచే మనిషి ఆవిడేనా అని నేను పక్కకి తిరిగి చూస్తూనే ఉన్నాను.

"ఎవరున్నారు అక్కడ?"

"మీ మామగారు."

విన్నది సరిగ్గా విన్నానో లేదో తెలియలేదు. హాల్లో గోడ, గోడ మీద ఫోటో, రోజూ నేను దుమ్ము తుడిచే ఆ అద్దం కళ్ళముందుకొచ్చాయి. "ఫోటోలో ఆయనా?"

"ఫోటోలో కంటే చిక్కిపోయారు" అన్నారు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "పెద్దవాళ్ళని చూసుకునే చోట ఉన్నారు. మతి నిలకడగా ఉండదు. సాయంత్రం పూట గడ్డిలో కుర్చీ వేసి కూర్చోబెడతారు. నీళ్ళు వదిలే వేళకి లోపలికి తీసుకుపోతారు. ఆ రోజు ఎవరు పిలిచినా లేవనన్నారట, నేనొస్తే గానీ లేవనన్నారట. ఫోను చేశారు. నేను వెళ్ళేసరికి నీళ్ళు తిరుగుతున్నాయి. ఆయన్ని లేపేసరికి ఇద్దరం తడిసిపోయాం."

నాకు ఏం అడగాలో తెలియలేదు. అడగాల్సినవి చాలా ఉన్నాయి, ఒకటి లాగితే ఇంకోటి వస్తోంది. చివరికి అడ్డంగా ఒకటి అడిగాను. "ఆయన పోయారని మీ అబ్బాయి నాతో చెప్పారు. పాపం, మీ అబ్బాయికీ తెలియదా మొన్నటి దాకా?"

ఆవిడ ఇండికేటరు వేసి, అద్దంలో వెనక చూసుకుని, నిదానంగా పక్క రోడ్డులోకి తిప్పారు.

"వాడే కదమ్మా ఆయన్ని అక్కడ చేర్పించింది. పోయారని నీకు చెప్పాలన్నదీ వాడే. నన్ను వెళ్ళద్దన్నదీ వాడే."

దాచేవాణ్ణి పనిలో ఉంచుకోను అన్న మనిషి గొంతు పొద్దున్నుంచీ నా చెవిలో ఉంది. నేను వెనిగర్ గుడ్డని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. చీర తడిసిపోతోందని కూడా తెలియలేదు.

రోడ్డు చివర తెరిచి ఉన్న గేటు కనబడింది. లోపల పొడుగాటి పెంకుల కట్టడం, దాని ముందు సమంగా కోసిన పచ్చగడ్డి. గడ్డి మీద నీళ్ళు అప్పటికే తిరుగుతున్నాయి. వాటి మధ్య ఒక ప్లాస్టిక్ కుర్చీ తడిసి మెరుస్తోంది. కుర్చీలో ఎవరూ లేరు. పక్కన గడ్డిలో ఒక చెప్పు మాత్రం ఉంది.

అవతలి వైపు ఆపుతానన్న మా అత్తగారు బండిని తిన్నగా తీసుకెళ్ళి ఆ నీళ్ళ పక్కనే ఆపేశారు.